ఇంట్లోనే యోగా మొదలుపెట్టాలంటే ఎక్కడి నుంచి ప్రారంభించాలి?

ప్రశ్న: పెరుంబాక్కం నుంచి

అందరికీ నమస్కారం. మేము చెన్నైలో పెరుంబాక్కం వైపు ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. నాకు నలభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కావడంతో పగలంతా కుర్చీలోనే గడిచిపోతుంది. మిగిలిన సమయంలో పెద్ద భాగాన్ని పాత మహాబలిపురం రోడ్డు తినేస్తుంది. కొంతకాలంగా సాయంత్రమయ్యేసరికి మెడ, భుజాలు బిగుసుకుపోతున్నాయి, ఉదయం వంగి బకెట్ ఎత్తబోతే నడుము పట్టేస్తోంది. డాక్టరు పరీక్షించి, వెన్నులో చెప్పుకోదగ్గ లోపమేమీ లేదని, ఒంటికి కదలిక తగ్గడమే కారణమని, యోగా మొదలుపెట్టమని సలహా ఇచ్చారు.

మా కాలనీ హాల్లో ఉదయం పూట ఒక తరగతి జరుగుతుంది. కొన్నాళ్లు వెళ్లి చూశాను. నేర్పేవారు ముందు నిలబడి వరసగా చేసి చూపిస్తూ పోతారు, వెనక వరసలో ఉన్న కొత్తవాడు ఎలా చేస్తున్నాడో చూసే తీరిక వారికి ఉండదు. వీడియోల సంగతి మరీ అయోమయంగా ఉంది: ఒకరు సూర్యనమస్కారాలతో మొదలుపెట్టమంటారు, ఇంకొకరు కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ గాలిని వేగంగా వదిలే ప్రక్రియ) చేయకపోతే అసలు ప్రయోజనమే లేదంటారు, మరొకరు నెల తిరిగేసరికి తల నేలకు ఆనుతుందని హామీ ఇస్తారు.

ఇంకొక విషయం. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. వయసు 67, రక్తపోటుకు మందులు వాడుతోంది, మోకాళ్ల నొప్పులున్నాయి. నేను మొదలుపెడితే తనూ చేస్తానంటోంది. తమిళం ఇంకా పట్టుబడలేదు కాబట్టి బయట తరగతికి పంపడం కష్టం. హాల్లో సోఫాకు, టీవీకి మధ్య ఒక చాప పట్టేంత స్థలం మాత్రం ఉంది. ఏ ఆసనాలతో మొదలుపెట్టాలి, ఎంతసేపు చేయాలి, ఏమి కొనాలి, అమ్మ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: మందవెలి నుంచి

నమస్కారమండీ. నేను చాలాకాలంగా అభ్యాసం చేస్తున్నాను, మా వీధిలో కొందరికి నేర్పుతున్నాను కూడా. మొదటి మాటగా చెప్పాల్సింది, మీకూ మీ అమ్మగారికీ ఒకే పాఠం పనికిరాదు. ఇద్దరూ ఒకే సమయానికి, ఒకే గదిలో చేయవచ్చు గాని, ఆమె చేసేది వేరు, మీరు చేసేది వేరు.

ఈ విషయంలో మీరున్న ఊరు మీకు కలిసివచ్చిందనే అనాలి. మైసూరు ప్యాలెస్ ఆశ్రయంలో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్యులు 1950ల తొలినాళ్లలో మద్రాసుకు వచ్చి, 1989లో నూరేళ్లు దాటాక మరణించేవరకూ ఇక్కడే ఉన్నారు. ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్న యోగా గురువులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఇద్దరూ మైసూరు రోజుల్లో ఆయన శిష్యులే. ఆయన కుమారుడు, ఇంజినీరుగా చదువుకున్న టి.కె.వి. దేశికాచార్ 1976లో తండ్రి పేరిట కృష్ణమాచార్య యోగ మందిరాన్ని స్థాపించారు. అది మా ప్రాంతంలోనే ఉంది. ఆ పద్ధతిలో వచ్చిన గురువు మొదట మీ వయసు, ఉద్యోగం, నిద్ర, పాత దెబ్బలు అన్నీ అడిగి తెలుసుకుని, మీ ఒక్కరి కోసం ఒక క్రమం రాసి ఇస్తారు, ఇంట్లో చేసుకుని కొన్ని వారాల తరువాత మళ్లీ రమ్మంటారు. ఇంట్లో అభ్యాసం చేయదలచినవారికి ఇంతకంటే అనువైన ఏర్పాటు నాకు కనిపించలేదు. అక్కడికే వెళ్లమని నేననడం లేదు. ఆ తీరులో ఒక్కరినే కూర్చోబెట్టి చూసే గురువు ఎవరైనా సరే, ఒకసారి చూపించుకుని మొదలుపెట్టడం వల్ల ఎన్నో సందేహాలు ముందే తీరిపోతాయి.

ఈలోగా మీరు నిశ్చింతగా చేసుకోదగిన కొన్ని కదలికలు చెబుతాను. వీటన్నిటికీ కొలత మీ శ్వాసే. మొదట చాప మీద నిలబడండి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచండి. ముక్కుతో గాలి తీసుకుంటూ రెండు చేతులనూ ముందు నుంచి పైకి లేపి, వదులుతూ దించాలి. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది గాని, ఇందులో ఒక మెలిక ఉంది: శ్వాస మొదలైన తరువాతే చేయి కదలాలి, చేయి పైకి చేరి ఆగిన తరువాత కూడా శ్వాస కొంచెం మిగిలి ఉండాలి, దించేటప్పుడూ అంతే. మొదటి వారం చాలామందికి చేతులు ముందు పరిగెత్తి, గాలి వెనక పడుతుంది. ఆ రెండూ కలిసేవరకూ ఓపికగా ఆరేసి సార్లు చేయండి. మెడ, భుజాల బిగుతుకు మీకు దీనితోనే తేడా తెలుస్తుంది.

తరువాత గాలి వదులుతూ, మోకాళ్లు మడిచి ముందుకు వంగి, చేతులు ముంగాళ్ల మీద గాని కుర్చీ అంచు మీద గాని ఆనించండి. కాళ్లు నిటారుగా ఉంచి వేళ్లు నేలకు తాకించాలన్న పట్టుదల ఇప్పుడు వద్దు. ఆ పైన చక్రవాకాసనం: అరచేతులు, మోకాళ్లు నేల మీద ఆనించి, గాలి వదులుతూ పిరుదులను మడమల వైపు వెనక్కు తీసుకువెళ్లాలి, గాలి తీసుకుంటూ ముందుకు వచ్చి ఛాతీని విచ్చుకోనివ్వాలి. ముందుకు వచ్చినప్పుడు నడుమును కిందికి జార్చి తల పైకెత్తడం చాలామందికి అలవాటు. ఛాతీ తెరుచుకుంటే చాలు, గడ్డం ఎత్తనవసరం లేదు. కూర్చుని కూర్చుని బిగిసిన నడుముకు నేను ఎవరికైనా ముందుగా చెప్పేది ఇదే.

అటు తరువాత బోర్లా పడుకుని భుజంగాసనం. నాభి నేలకు ఆనే ఉండాలి, చేతుల మీద బరువు వేయకుండా వీపు కండరాలతోనే ఛాతీ కొద్దిగా లేవాలి. మళ్లీ వెల్లకిలా తిరిగి, మోకాళ్లు మడిచి, గాలి తీసుకుంటూ నడుము పైకెత్తే ద్విపాద పీఠం, దానికి విరుగుడుగా వెంటనే మోకాళ్లను పొట్టకు దగ్గరగా తెచ్చుకునే అపానాసనం. వెనక్కు వంచిన వెన్నును ఇలా మెల్లగా ముందుకు తెచ్చి వదిలిపెట్టడం మరచిపోకూడదు. చివరగా పిక్కలను కుర్చీ మీద పెట్టుకుని శవాసనంలో కొద్దిసేపు పడుకోండి, లేచి కూర్చుని వదిలే శ్వాసను తీసుకునే శ్వాస కన్నా పొడవుగా ఉంచుతూ, లోపలికి నాలుగు, బయటకు ఆరు అంకెలు లెక్కపెట్టుకుంటూ ఒక పన్నెండు శ్వాసలు గమనించండి. నింపాదిగా చేసినా మొత్తం అరగంటకు మించదు. ఎక్కడైనా శ్వాస తడబడినా, బిగబట్టాలనిపించినా, మరో రెండుసార్లు చేద్దామన్న ఉత్సాహం ఎంత ఉన్నా, ఆ కదలికను ఆ రోజుకు అక్కడితో ఆపేయాలి.

కొనవలసిన వస్తువులు పెద్దగా ఏమీ లేవు. వట్టి జంపఖానా విట్రిఫైడ్ టైల్స్ మీద జారిపోతుంది కాబట్టి జారని మ్యాటు ఒకటి కావాలి. మోకాళ్లు నేలకు ఆనించాల్సి ఉంటుంది కనుక ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్నది తీసుకోండి. మన ఊరి ఉక్కకు అరచేతుల చెమటతో మ్యాటు కూడా జారుతుంది, పక్కన చిన్న తువ్వాలు పెట్టుకోవాలి. పడుకుని చేసే వాటికి దాని మీదే నూలు దుప్పటి పరచుకుంటే వీపుకు అంటుకోదు.

సమాధానం: అడయారు నుంచి, ఫిజియోథెరపిస్టు

పై వివరణతో చాలా వరకూ ఏకీభవిస్తున్నాను. నా వృత్తిలో కనిపించే కొన్ని విషయాలు మాత్రం చేర్చాలి.

దీర్ఘకాలిక నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను కూడా చేరుస్తూ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి మీ డాక్టరు చెప్పినది సబబే. అయితే రోజంతా కుర్చీలో కూర్చునేవారికి తొడ వెనక కండరాలు బిగిసి ఉంటాయి. కాళ్లు నిటారుగా ఉంచి ముందుకు వంగితే ఆ కండరాలు సాగవు, వాటి బదులు నడుము కింది భాగం గుండ్రంగా వంగిపోయి భారమంతా అక్కడ పడుతుంది. మోకాళ్లు మడవమని పైవారు చెప్పినది అందుకే; దాన్ని తాత్కాలిక సౌకర్యంగా భావించి త్వరగా మానేయకండి. మెడను గుండ్రంగా గిరగిరా తిప్పడం వద్దు, పక్కలకు వంచడం, అటూ ఇటూ చూడటం చాలు. తలకిందులుగా నిలిచే శీర్షాసనం, సర్వాంగాసనం వంటివి వీడియో చూసి ఎప్పుడూ చేయకూడదు.

కండరం సాగుతున్నప్పుడు కలిగే లాగుడు సహజమే. పొడిచినట్టు వచ్చే నొప్పి, కాలిలోకి గాని చేతిలోకి గాని పాకే తిమ్మిరి, మంట కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరును కలవండి. మరుసటి రోజు కూడా తగ్గని నొప్పి మిగిలితే నిన్న చేసినది ఎక్కువైందని లెక్క.

మీ అమ్మగారి గురించి. ముందుగా ఆమె డాక్టరును అడగండి, మందులు మాత్రం వారి మాట లేకుండా తగ్గించకూడదు, మానకూడదు. రక్తపోటు ఉన్నవారు శ్వాసను బిగబట్టడం, కపాలభాతి వంటి వేగమైన ప్రక్రియలు, తల గుండె కంటే కిందికి వెళ్లే భంగిమలు మానుకోవాలి. మోకాళ్ల నొప్పులతో వజ్రాసనం (మడమల మీద కూర్చోవడం), పద్మాసనం అక్కర్లేదు. చేతులు లేని, చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. దాని మీద కూర్చుని శ్వాసతో చేతులు లేపడం, నడుమును మెల్లగా ఇరుపక్కలకూ తిప్పడం, ఒక కాలు చాపి కొన్ని క్షణాలు నిలిపి దించడం, కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం చేయించండి. ఈ చివరిది ఏమంత గొప్ప ఆసనంలా కనిపించదు గాని మోకాలి పైన ఉన్న తొడ కండరానికి బలమిచ్చేది అదే, మోకాలి మీద భారం తగ్గించేదీ అదే. తరువాత కుర్చీ వీపు పట్టుకుని ఒంటికాలి మీద కొద్దిసేపు నిలబడటం నేర్పండి, మీరు పక్కనే ఉండండి. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులైనా నిలకడ, బలం పెంచే కదలికలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పడిపోవడాలను తగ్గించడమే అందులోని ఉద్దేశం.

అదే సంస్థ పెద్దలందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ అవసరమని 2020 మార్గదర్శకాల్లో పేర్కొంది. నెమ్మదిగా చేసే ఆసనాలు ఆ లెక్కలోకి రావడం కష్టం. యోగా మొదలుపెట్టాం కదా అని నడక మానేసేవారిని నేను తరచుగా చూస్తుంటాను. మీరు రెండూ ఉంచుకోండి.

మళ్లీ అడుగుతున్నాను: పెరుంబాక్కం నుంచి

ఇద్దరికీ కృతజ్ఞతలు. కుర్చీ సంగతి చెప్పగానే అమ్మ డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి గోడకు వేసేసింది, డాక్టరు దగ్గరకు రేపు వెళ్తున్నాం, అంతవరకూ కూర్చుని చూడటమే తన పని. రెండు సందేహాలు మిగిలాయి. ఉదయం ఇంట్లో హడావిడి ఎక్కువ. పిల్లల స్కూలు బస్సు, పాలు, నీళ్ల లారీ అన్నీ ఆ గంటలోనే. సాయంత్రం చేస్తే నష్టమేమైనా ఉందా? సూర్యనమస్కారాలు ఎవరూ చెప్పలేదేమిటి? మా నాన్నగారు చేసేవారు, అందుకే మనసులో ఉంది.

సమాధానం: మైలాపూరు నుంచి

బాబూ, నేను డెబ్బయ్యో పడి దాటినవాడిని, లజ్‌లోని నాగేశ్వరరావు పార్కులో రోజూ నడుస్తాను. ఆ పార్కుకు పేరిచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే అమృతాంజనాన్ని తయారుచేసి అమ్మినవారు. నడుము నొప్పి కబుర్లు చెప్పుకోవడానికి చెన్నైలో మన తెలుగువాళ్లకు అంతకంటే తగిన చోటు లేదని మా బృందంలో నవ్వుకుంటూ ఉంటాం.

సూర్యనమస్కారాల విషయంలో నేను పైవారితో పూర్తిగా కలవలేను. ఆ పన్నెండు స్థితుల్లో ముందుకు వంగడం, వెనక్కు వంగడం, చేతుల బలం, కాళ్ల బలం అన్నీ ఇమిడి ఉన్నాయి. చిన్న స్థలంలో, తక్కువ సమయంలో అవుతుంది, వరస గుర్తుంటే చాలు, ఏ వీడియో పెట్టుకోనవసరం లేదు. మన ఇళ్లలో రథసప్తమినాడు పిల్లలతో కూడా చేయిస్తాం. మీ నాన్నగారు చేసేవారంటున్నారు కాబట్టి మీకు ఆ వరస కొంతైనా తెలిసే ఉంటుంది. మెల్లగా రెండు మూడు చేసి చూడండి. అయిన తరువాత మాట్లాడితే ఆయాసం రాకపోతే కొనసాగించండి.

వేళ గురించి అనవసరంగా చింతించవద్దు. బ్రాహ్మీ ముహూర్తమే కావాలని పట్టుబడితే మీ రోడ్డు మీద ప్రయాణించేవాడికి నిద్రే కరువవుతుంది. కడుపు మాత్రం ఖాళీగా ఉండాలి. భోజనమైన మూడు నాలుగు గంటల దాకా ఆగాలి. ఆఫీసులో నాలుగింటికి తిన్న బజ్జీలు ఏడింటికి భుజంగాసనం వేయగానే ఎక్కడున్నాయో తెలియజేస్తాయి. ఇంట్లోవారికి ముందే చెప్పి ఆ అరగంట టీవీ కట్టించేయండి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన సాధన అదే అయింది.

మరొకటి, ఏమి చేయాలో తేల్చుకోలేకపోతే ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రతి జూన్ 21న జరిపే యోగా దినోత్సవం కోసం రూపొందించిన సామాన్య క్రమం ఒకటి ఉంది. మెడ, నడుము, మోకాళ్ల కదలికలతో మొదలై, తాడాసనం, వృక్షాసనం నుంచి శవాసనం దాకా సాగి, ప్రాణాయామం, ధ్యానంతో ముగుస్తుంది. మొత్తం ముప్పావు గంట. అందులో కపాలభాతి కూడా వస్తుంది, మీ అమ్మగారి చేత అది వదిలేయించండి.

సమాధానం: మందవెలి నుంచి

పెద్దవారి మాటను తోసిపుచ్చను. సూర్యనమస్కారం మంచి వ్యాయామమే. ఇప్పటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో దానిని ప్రచారం చేసింది కూడా వ్యాయామంగానే. చిన్నప్పటి నుంచి చేసినవారికి అది నల్లేరు మీద బండి నడకే. బిగిసిన తుంటితో కొత్తగా చేసేవారికి మాత్రం వెనక కాలిని రెండు చేతుల మధ్యకు తీసుకురావలసిన చోట చిక్కు వస్తుంది: పాదం సగంలోనే ఆగిపోతుంది, దాన్ని చేత్తో లాక్కుంటారు, ఆ కుదుపు నడుముకు తగులుతుంది. పడుకున్న స్థితి నుంచి లేచేటప్పుడు భుజాలు చెవుల దాకా వస్తాయి, ఇప్పటికే పట్టేసిన మెడకు అదొక అదనపు భారం. అందుకే నేను ముందు భాగాలుగా నేర్పుతాను. పైన రాసిన వంగడం, చక్రవాకాసనం, భుజంగాసనం అందులోవే, లేదా వాటికి దగ్గరివే. ఇవి శ్వాస చెదరకుండా నడిచిన తరువాత, పాదం ముందుకు తెచ్చేటప్పుడు మోకాలు ఒకసారి నేలకు ఆనించి, వరసగా కలుపుకుంటే నెల రెండు నెలల్లో మీ నాన్నగారి సూర్యనమస్కారం మీకు వచ్చేస్తుంది.

సాయంత్రం నిరభ్యంతరంగా చేయండి. ఆఫీసు నుంచి వచ్చిన వెంటనే కాకుండా, స్నానం చేసి, కొద్దిగా నీళ్లు తాగి, కాస్త ఆగి మొదలుపెట్టండి. పడుకునే ముందయితే భుజంగాసనం వదిలి, అపానాసనం, కుర్చీ మీద కాళ్లు పెట్టుకునే శవాసనం, పొడవైన నిశ్వాస మాత్రం ఉంచుకోండి, నిద్ర బాగా పడుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ తక్కువ వేగంలో వేసుకోవచ్చు. చెమట పట్టిన ఒంటి మీదికి ఏసీ గాలి నేరుగా తగలకుండా చూసుకోండి.

ఇక మీ అమ్మగారికి డాక్టరు సరేనన్న తరువాత తొలి రెండు వారాలు కుర్చీ దగ్గరి కదలికలు చాలు. ఆమెను నేల మీద పడుకోబెట్టాలనుకునేముందు లేవడం నేర్పండి: పక్కకు ఒత్తిగిలి, చేతితో నేలను నొక్కి, కుర్చీని పట్టుకుని లేవాలి. అది ఆమెకు సులభమైన రోజున మీ పక్కన రెండో మ్యాటు వేయవచ్చు. అప్పటికి సోఫాను కాస్త జరపక తప్పదు.